మసీదు గేటు దగ్గర నీళ్ళ సీసా

మస్తాన్ బావా,

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి, ఏమనుకోకు. నువ్వు పోయి ఏడాదైనా ఈ సంగతి నీకే చెప్పాలనిపించింది.

మనవరాలు నిద్రలో ఉలిక్కిపడుతోంది. మన ఊళ్ళో అయితే నమాజు కాగానే మీ నాన్నచేత దువా చదివించి పిల్లలకీ, తాగే నీళ్ళకీ ఊదించేవాళ్ళం. ఇక్కడ ఈ పరాయి దేశంలో, మావాడు ఉండే పాపకూర అనే ఊళ్ళో, మసీదు గోడ మీద ఎవరో ‘మీ దేశం పొండి’ అని రాశారు. అప్పటినుంచి గేటుకి కాపలా పెట్టారు.

“ఇప్పుడెందుకు మామయ్యగారూ, వాళ్ళే భయపడుతున్నారు” అంది కోడలు. అయినా శుక్రవారం పిల్లనెత్తుకుని, నీళ్ళ సీసాతో గేటు బయట నిలబడ్డాను. కాపలా కుర్రాడు సీసా చూసి ఇంగ్లీషులో గట్టిగా ఏదో అడిగాడు. నేను సీసానీ పిల్లనీ మార్చి మార్చి చూపించాను.

లోపలినుంచి ఒక హైదరాబాదు సాయిబు వచ్చాడు. “ఏంది పెద్దాయనా, పాపకు ఊదిపిచ్చుకోనీకొచ్చినవా?”

తలూపాను.

“ఈడ జనం మమ్ముల చూసి పిల్లల్ని పక్కకు గుంజుకుంటున్నరు. నువ్వు ఎత్తుకొచ్చినవ్!” అని నవ్వాడు.

నమాజయ్యాక బయటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆగి పిల్ల నెత్తినా, సీసాలో నీళ్ళ మీదా ఊదారు. ఆఖరికి ఆ కాపలా కుర్రాడు కూడా.

పిల్ల హాయిగా పడుకుంటోంది బావా. వచ్చే శుక్రవారం కోడలే కారులో తీసుకెళ్తానంది. మీ నాన్నకి మా అమ్మ బెల్లం ఇచ్చేది. ఇంతమందికి ఏం పట్టుకెళ్ళాలో తెలియడం లేదు. శుక్రవారంలోపు జవాబు రాయి.

నీ సుబ్బయ్య