నీళ్ళు లేని ఇంజిను

బహదూర్‌పురా, హైదరాబాదు
ఆదివారం

అక్కయ్యకు సూరిబాబు నమస్కారాలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. కాకినాడలో నువ్వూ బావగారూ పిల్లలూ కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోనులో నువ్వు తిన్నావా అనడం, నేను తిన్నాను అనడంతోనే సరిపోతోంది. అందుకే కాగితం పట్టాను.

ముందు నీ బెంగ తీరుస్తాను. తింటున్నాను. మధ్యాహ్నం మా కార్ల రిపేరు షెడ్డు యజమాని యాకూబ్ భాయ్‌కి ఇంటి నుంచి వచ్చే డబ్బాలో నాకూ వాటా ఉంటుంది. వాళ్ళ ఖట్టీ దాల్ మన పప్పుచారుకు చెల్లెలి వరస. చేపలు మాత్రం ఇక్కడివి నోటికి ఎక్కడం లేదు. అలాగని ఎండు రొయ్యలు పంపకు, వాసనకు పక్క గదివాళ్ళు లొల్లి పెడతారు. తెల్లవారేసరికి జూలోంచి సింహం అరుపు వినిపిస్తుంది. మొదట్లో ఉలిక్కిపడి లేచేవాణ్ణి, ఇప్పుడు అది అరిస్తేనే లేస్తున్నాను. సాయంత్రాలు నువ్వు గుర్తొస్తావు, అబద్ధమెందుకు.

హార్బరులో నా పని నెలాఖరు వరకూ ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానని బావగారు అన్నారు కదా. ఇక్కడ భాయ్ కూడా నన్ను తీసుకున్న రోజే చెప్పాడు: "ఈ ఒక్క ఇంజిన్ చెయ్యి తమ్మీ. అయినంక చూస్తా, ఉండుడా పోవుడా."

ఆ ఇంజిను ఒక డాక్టరుగారి పాత జర్మనీ స్పోర్ట్సు కారుది. సిలిండర్లు మూడు ఇటు, మూడు అటు పడుకుని ఉంటాయి. రేడియేటరు లేదు, నీళ్ళు పోసే చోటే లేదు. ఒక ఫ్యాను గాలి కొడుతుంది, ఆ గాలికే అది చల్లబడాలి. నేనేమో ఊహ తెలిసినప్పటి నుంచీ పడవ ఇంజిన్ల మధ్య పెరిగినవాణ్ణి. విప్పిన రోజు నీళ్ళ పంపు కోసం వెతుకుతుంటే భాయ్ చూసి నవ్వుకున్నాడు.

విప్పినవన్నీ కడిగి గుడ్డ మీద పేర్చాను. సిలిండర్ల కింద నుంచి తుప్పు పట్టి వంకరపోయిన పల్చని రేకులు వచ్చాయి. పడవల్లో ఉప్పు తిన్న రేకు కనబడితే ఆలోచించం, పాత ఇనుములో పడేస్తాం. చేతికి అదే అలవాటు. ఆమధ్య ఒక శుక్రవారం భాయ్ నమాజుకు వెళ్ళినప్పుడు పాత ఇనుము బండి వస్తే, అవి కూడా వేసేశాను. షెడ్డు శుభ్రం చేశానని మురిసిపోయాను కూడా.

సిలిండర్లు మళ్ళీ ఎక్కించిన రోజు భాయ్ అడిగాడు, "దీని రేకులేవి, సూరీ?"

చెప్పాను. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. అరుస్తాడనుకున్నాను, అరిచినా బాగుండేది. మెల్లగా అన్నాడు: "పడవకు నీళ్లెట్లనో దీనికి గాలి గట్ల. ఆ రేకులే గాలిని సిలిండర్ల సుట్టు తిప్పుతయ్. అవి లేకుంటే గాలి పక్కకు పోతది, ఇంజిన్ కాలిపోతది."

బండివాడి కోసం పరుగెత్తాను. అప్పటికే అవి కరిగించడానికి పోయాయట. విదేశం నుంచి తెప్పిస్తే ఎప్పటికొస్తాయో తెలియదు. ఇక సంచి సర్దుకోవడమే అనుకున్నాను. భాయ్ మాత్రం నన్ను వెంటబెట్టుకుని పక్క గల్లీలో ట్రంకు పెట్టెలు చేసే నర్సింగన్న దగ్గరికి తీసుకెళ్ళాడు.

"పెండ్లి పెట్టెలు చేసెటోనికి గీ ముక్కలు ఏం లెక్క భాయ్? ఫికర్ జెయ్యకు," అన్నాడు నర్సింగన్న.

నేను సిలిండర్ల మధ్య అట్టముక్కలు పెట్టి ఆకారం తీశాను. రేకు కత్తిరించి చెక్క దిమ్మె మీద వంచడం ఆయన నేర్పించాడు. బిగించాక భాయ్ డ్రిల్లు మిషనుతో ఫ్యాను తిప్పుతూ, ఊదుబత్తి వెలిగించి నా చేతికిచ్చాడు. పొగ సిలిండర్ల సందుల్లోంచే పోవాలి, పక్కకు జారకూడదు. జారిన చోటల్లా రేకు తీసి మళ్ళీ వంచాను. గాలి ఎలా నడుస్తుందో కళ్ళారా చూశాను అక్కయ్యా. పనిలో అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

నిన్న ఇంజిను స్టార్టయింది. ఎంతసేపు నడిపినా వేడి హద్దు దాటలేదు. డాక్టరుగారు వంగి చూసి, "ఈ రేకులు కొత్తవిలా ఉన్నాయే, పాతవి ఏమయ్యాయి?" అని అడిగారు. నేను చెబుదామని ముందుకు వచ్చాను. భాయ్ నాకంటే ముందే అన్నాడు: "నా దుకాన్ల పోయినయి సాబ్. తప్పు నాది. కొత్తవి మా సూరి చేసిండు, సూడుండ్రి."

డాక్టరుగారు మళ్ళీ వంగి చూసి బాగున్నాయన్నారు. నేను చేతులు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. నాన్న పోయాక, నా తప్పు నీ మీద వేసుకున్నదానివి నువ్వొక్కదానివే. ఇప్పుడు ఈ ఊళ్ళో ఇంకొకరు దొరికారు.

ఉండుడా పోవుడా అన్న మాట భాయ్ ఎత్తలేదు. షెడ్డు మూసేటప్పుడు, "సోమవారం జల్ది రా, ఇంకో ఇంజిన్ దిగుతది," అన్నాడు, అంతే.

వీలైతే చింతకాయ పచ్చడి పంపు, భాయ్ ఇంటికి కూడా కలిపి. పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. నా కోసం ఇన్నాళ్ళు ఆగినందుకు బావగారికి ఎంత చెప్పినా తక్కువే. హార్బరులో ఆ పని ఇక ఎవరికైనా ఇచ్చేయమని చెప్పు.

ఎక్కడున్నా నీ దీవెన కోరే
తమ్ముడు సూరిబాబు