దాచిన పిస్టన్

"గా నాలుగు చక్రాల బైకు రుద్రంగి గుట్ట మీదికెళ్లి బోల్తా పడితే నిన్ను ఎవలు లేపుతరురా వినీత్?" అని పొద్దున అడిగిన. నువ్వు పానా తిప్పుకుంటనే ఉన్నవ్. అందుకే రాసి పోతున్న.

మల్లాపూర్‌ల మీ పెద్దమ్మకు జరమట, సాయంత్రం వస్త. అన్నం, బెండకాయ కూర పొయ్యి మీద ఉన్నయి. వేడికి వదులైతదని ఇంజన్ డొప్పను మళ్ల అదే పొయ్యి మీద కాల్చినవంటే మంచిగుండది. చల్లగైతే సులువుగ ఎక్కుతయని బేరింగులు తెచ్చి ఫ్రిజ్‌ల పెరుగు గిన్నె పక్కన పెట్టినవ్. తీసెయ్యి. పెరుగంత గ్రీజు వాసనే.

కొత్త పెద్ద పిస్టన్ కోసం ఇల్లంత పీకకు. నేనే దాచిన. ఉన్న ఇంజన్‌తోనే ముందటి చక్రాలు గాల్లకు లేస్తున్నయి, ఇంకింత జోరు పెంచి ఎటు పోతవ్? బ్రేకులు మాత్రం పాతయే. గుట్ట కాడ నీ దోస్తులు వీడియో తీస్తరు, మోసుకొచ్చేటందుకు నేను రావాలె. కోపమొస్తే రానియ్యి. నాతోని మాట్లాడకున్నా సరే, బతికుండు.

ఆగు. పిస్టన్ బియ్యం డబ్బాల ఉన్నది, తీసుకో. ఇన్నొద్దులు ఫోన్ ఎత్తని మీ నాయిన దుబాయిల ఇప్పుడే ఎత్తిండు. సంగతంత చెప్పిన. ఇట్ల అన్నడు: "పిస్టన్ వానికియ్యి, మంచిగ బిగించుకోనియ్యి. కొత్త బ్రేకులు ఏసేదాక బండి తాళంచెవి నీ కొంగుకు కట్టుకో."