కర్నలు అడిగిన పేరు

సలాలా, 9-11-1991

నాన్నగారికి సూసన్ వందనాలు. నేను క్షేమం.

మా వార్డులో ఆస్ట్రియా జమీందారీ వంశపు ముసలి కర్నలు ఉన్నారు. ఒకప్పుడు గుర్రపు దళంలో యుద్ధం చేసి, రష్యా మంచులో కాలివేళ్లు పోగొట్టుకున్నారట. ఈ గల్ఫ్ దేశం చూడొచ్చి, ఒంటె మీంచి పడి తుంటి విరిగింది. సైన్యంలో పనిచేసిన ఆరు తరాల తాతల పేర్లు ఆయన గడగడా చెబుతుంటే నాకు కుళ్లు పుట్టింది. ఆస్తికి కాదు, ఆ పేర్లకు.

"మరి మీ ముత్తాత పేరేంటి సిస్టర్?" అన్నారు. తెలియదనలేక ఆయన బీపీ రెండోసారి చూశాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఈ కార్డు చదివి వినిపించే పాస్టరు గారికి వందనాలు. నాయనమ్మకు మతి కుదురుగా ఉన్న పూట మన ముత్తాతల పేర్లు అడిగి, ఆయన చేతే రాయించి పంపండి. కర్నలు క్రిస్మస్ దాకా ఇక్కడే ఉంటారు. మనవాళ్లు పాలేర్లయినా సరే, ఒక్క పేరూ వదలొద్దు.

మీ సూసన్