జలపాతం పైకి మోసిన పంతొమ్మిది చేపలు

పోద్‌గోర గ్రామం, పదకొండో నంబరు ఇంట్లో ఉంటున్న అల్బిన్ క్రివెత్స్ అనే నేను, డెబ్బై ఒకటో ఏట, ఊపిరితిత్తులు సగం పోయినా తెలివి పూర్తిగా ఉండగా, ఎవరూ బలవంతపెట్టకుండా, ఎవరూ ఆశపెట్టకుండా, సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి రెండున్నాయి. ఆ రెండూ రద్దు. వాటిలో ఆస్తుల వివరం సరిగానే ఉంది, నిజం మాత్రం లేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా చెల్లెలి కొడుకు దామియన్‌కు అప్పగిస్తున్నాను. ఇల్లు, చీజ్ ఆరబెట్టే నేలమాళిగ, కొండ మీది పశువుల పాక వాడివే. వాడికి గాలం పట్టుకోవడం రాదు, నేర్చుకునే ఓపికా లేదు. అయితే చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. అది మా వంశంలో అరుదు. సత్రం గోడ మీద, జలపాతం పైన పట్టిన చేపను ఎత్తి చూపిస్తూ నేను నవ్వుతున్న ఫొటో ఒకటుంది. ముందు దాన్ని దించి పొయ్యిలో వెయ్యాలి.

2. గాలంవాళ్ళ సంఘం అధ్యక్షుడు బోగోమిర్‌కు తొడల దాకా వచ్చే నా రబ్బరు బూట్లు. ఎడమదానికి మోకాలి దగ్గర చిల్లుంది. ఉందని తెలిసే ఇస్తున్నాను. చేపలకు ఎరగా నల్ల ఈకకు వెండి తీగ చుట్టి నేను కట్టిన దొంగ ఈగను 2008లో తన పేరుతో పోటీకి పెట్టి బహుమతి కొట్టేశాడు. ఇంత చిన్న దొంగతనానికి పదహారేళ్ళు పగ పట్టిన మనిషిని నేను. నా దొంగతనం సంగతి కింద రాస్తున్నాను.

3. 1986 జూలైలో లిపోవ్నిక్ జలపాతం పైకి చేపలను మోసింది నేను. స్రెచ్కో లేబన్ కాదు. చదివేవాళ్ళు ఈ రెండు వాక్యాలనూ రెండుసార్లు చదవాలి.

జలపాతం కింద నదిలో అన్ని రకాల చేపలూ ఏనాడో కలిసిపోయాయి. పైన మాత్రం, ఏ చేపా ఎగిరి దాటలేని ఆ రాతిగోడ వెనక, మా పాలరాతి ట్రౌట్ అనే చేపజాతి ఒక్కటే ఉండేది. ఒంటి నిండా బూడిదరంగు మెలికలు, ఎర్రచుక్క ఒక్కటీ ఉండదు. అవీ కొద్దిగానే ఉండేవి. పొద్దస్తమానం ఈగగాలం విసిరితే ఒకటో రెండో పడేవి. ఊదినె పట్నం నుంచి ఏటా వచ్చే ఇంజనీరు ఒకాయన ఆ ఏడు నా ఎదుటే గాలం చుట్టేసి, "నీ వాగులో నీళ్ళు తప్ప ఏమీ లేవయ్యా అల్బిన్. వచ్చే ఏడు ఇంకో లోయ చూసుకుంటాలే" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గాలం వెయ్యడానికి వచ్చేవాళ్ళకు వాగు దారులు చూపించేవాళ్ళలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో పేరు. ఆ పేరు కోసమే చేశాను. వేరే కారణం లేదు.

ముల్లు లేని కొక్కేలతో, కింది నదిలో ఎర్రచుక్కల ట్రౌట్‌లు పంతొమ్మిది పట్టాను. కొండమీది మేత నుంచి పాలు దించే క్యానులో వాటిని వేసి వీపుకు కట్టుకున్నాను. పైన తడి ఫెర్న్ ఆకులు కప్పి, దారిలో ప్రతి ఊట దగ్గరా నీళ్ళు మార్చి, మీగడ గరిటెతో కలుపుతూ వాటికి ఊపిరి అందించాను. పాలు విరగకుండా కొండ దించేవాడికి చేప చావకుండా కొండెక్కించడం పెద్ద పని కాదు. రెండు చచ్చాయి, పదిహేడు బతికాయి. మడుగులో వదులుతూ నేను ఎంత మురిసిపోయానో రాయాలంటే ఇవాళ చెయ్యి రావడం లేదు. చేప చేపే కదా అనుకున్నాను.

ఆ వారం చీజ్ మొత్తం చెడిపోయింది. నా భార్య తిల్కా క్యానులో ముక్కు పెట్టి, "పాలు పోసేదాంట్లో చేపల కంపేమిటయ్యా? ఏం మోశావు ఇందులో?" అని నిలదీసింది. ఏదో అబద్ధం చెప్పాను. నమ్మలేదు. మళ్ళీ అడగలేదు.

ఇంజనీరు మరుసటి ఏడు వచ్చాడు, చేపలు పట్టాడు, నా భుజం తట్టాడు. ఏడేళ్ళకు ల్యుబ్లానా నుంచి పరిశోధన చేసేవాళ్ళు వచ్చి రెక్కల ముక్కలు కత్తిరించుకుపోయారు. పైన రెండు జాతులూ కలిసిపోయాయని, అసలుది ఇక దొరకదని, ఎవరో చేతులారా తెచ్చి వదిలారని రాశారు. నదిలో వదలడానికి సంఘం పెంచే పిల్లచేపల తొట్ల తాళం వాగు కావలిదారు స్రెచ్కో దగ్గర ఉండేది. అందుకని అందరూ అతణ్ణే అన్నారు. సత్రంలో సమావేశం పెట్టారు. అతను లేచి, "నేను ఆ వాగులోకి ఒక్క చేపని కూడా ఎక్కించలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి" అని కూర్చున్నాడు. "దొంగెవడైనా నేనే అంటాడా?" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. నేను మూడో వరుసలో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నవ్వాను కూడా. అతణ్ణి తీసెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తమంటే నేనూ ఎత్తాను. ఎత్తకపోతే నా మీద అనుమానం వస్తుందని భయం.

అతని చొక్కా మీది ఇత్తడి బిళ్ళ తీసి నా చొక్కాకు పెట్టారు. ఇరవై అయిదేళ్ళు నేనే కావలిదారుగా ఉన్నాను. స్రెచ్కో మళ్ళీ గాలం ముట్టలేదు. దారిలో ఎదురుపడితే, "వాగెలా ఉంది అల్బిన్?" అని అడిగేవాడు. "బాగానే ఉంది" అనేవాణ్ణి. పదకొండేళ్ళు అలా అడిగి 2004లో పోయాడు. శవపేటిక మోసిన ఆరుగురిలో నేనూ ఉన్నాను. ఆ సిగ్గు ముందు మిగతా సిగ్గులన్నీ చిన్నవి.

4. స్రెచ్కో కూతురు నెవెంకకు వాగు ఒడ్డున ఉన్న నా పచ్చికబయలు మొత్తం, అందులోని గడ్డిపాకతో సహా రాస్తున్నాను. ఆమె ఈ ప్రాంతానికి నర్సు. వారానికి రెండుసార్లు వచ్చి నా కాలి పుండుకు కట్టు మారుస్తుంది. వచ్చినప్పుడల్లా మొక్కజొన్న జావ తెస్తుంది. "తాగు బాబాయ్, చల్లారిపోతుంది" అంటుంది. తాగుతాను. ఎన్నోసార్లు చెప్పబోయి, జావ బాగుందని మాత్రం చెప్పాను. ఇత్తడి బిళ్ళ కూడా ఆమెకే చెందాలి. నా మరణానంతరం జరిగే సంఘం వార్షిక సమావేశంలో, అందరూ వింటుండగా, పై మూడో అంశాన్ని దామియన్ చదవాలి. అప్పుడు చెరిపేసిన స్రెచ్కో పేరును కావలిదారుల పలక మీద మళ్ళీ చెక్కించాలి. నా పేరు తీసేస్తారో ఉంచుతారో వాళ్ళ ఇష్టం.

5. తిల్కా పక్కన నాకు చోటుంది. అక్కడే పూడ్చండి. వెదురు గాలం మాత్రం పెట్టెలో పెట్టవద్దు. ఆమెకు చేపల వాసన పడదు.

6. ఈ అంశం ఇప్పుడే చేరుస్తున్నాను. రావలసిన రెండో సాక్షి మంచు వల్ల రాలేకపోయాడు. మొదటి సాక్షి, పోస్ట్‌మన్ రాడో, "నర్సమ్మ ఇక్కడే ఉందిగా, ఆవిడ చేత పెట్టించు, పనైపోతుంది" అన్నాడు. వద్దన్నాను. ఆమెకు ఆస్తి రాశానని, సాక్షిగా సంతకం పెడితే ఆ ఆస్తి ఆమెకు చెల్లదని చెప్పాను. "నాకా? నాకెందుకు?" అంటూ ఆమె కట్టు వదిలేసి కాగితాలు తీసుకుంది. కిటికీ దగ్గర నిలబడి చదివింది. రాడో పొయ్యిలో కట్టెలు సర్దుతూ కూర్చున్నాడు. నాకు నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

ఇన్నేళ్ళు బాబాయ్ అని పిలిచిన మనిషి, "పచ్చిక నాకొద్దు, అల్బిన్ గారూ" అంది. "సాక్షిగా నేనే పెడతాను. బిళ్ళ ఇలా ఇవ్వండి. అది మీరు రాసిచ్చేదేం కాదు, మా నాన్నది." ఇచ్చాను. తర్వాత అంది: "మీరు పోయాక చదివితే అందరూ అయ్యో పాపం, చివరికి ఒప్పుకున్నాడు అంటారు. మా నాన్నని ఒక్కరు అయ్యో అనలేదు. ఈ ఆదివారమే సంఘం వార్షిక సమావేశం ఉంది. ఆయన్ని కూర్చోబెట్టినట్టే మిమ్మల్నీ కూర్చోబెట్టి చదువుతాను. నడవలేకపోతే నేనే మోసుకెళ్తాను."

తర్వాత కూర్చుని కట్టు పూర్తి చేసింది. ఎప్పటిలా నొప్పెడుతుందా అని అడగలేదు.

కాబట్టి పచ్చికబయలు దామియన్‌కు పోతుంది. పై నాలుగో అంశంలో "నా మరణానంతరం" అన్న మాటలు కొట్టివేసి, వాటిపైన "ఈ ఆదివారం, నా ఎదుట" అని రాశాను. చదివేది దామియన్ కాదు, నెవెంక. ఈ దిద్దుబాట్లు నా చేత్తో, నా ఇష్టప్రకారం చేసినవి.

పోద్‌గోర, 2024 ఫిబ్రవరి 15, గురువారం

(సంతకం) అల్బిన్ క్రివెత్స్

సాక్షులు:
1. రాడో కోఫోల్, పోస్ట్‌మన్
2. నెవెంక లేబన్, వాగు కావలిదారు స్రెచ్కో లేబన్ కూతురు