చుట్టూ తెల్లంచు

సోమవారం

మా ఇంటి మౌనిగారికి,

ఉత్తరం చూడగానే కంగారుపడకండి, నేను బాగానే ఉన్నాను. ఫోనుండగా ఉత్తరమెందుకంటారా? ఫోనులో మీరు తిన్నావా అంటారు, తిన్నానంటాను. పనెలా ఉంది అంటాను, నడుస్తోంది అంటారు. ఆ తర్వాత చెరో కొసనా కూర్చుని ఒకరి ఊపిరి ఒకరం వింటాం. చివరికి మీరు "సరే మరి" అని పెట్టేస్తారు. ఏడాదిగా మన కాపురం ఆ రెండు మాటల మీదే నడుస్తోంది. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయడానికి ఉండదు. మందు సీసా మీద అంటించిన కాగితం కూడా చివరిదాకా చదివే మనిషి మీరు, పెళ్ళాం రాసింది చదవకపోరు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, నాన్చడం నాకు చేతకాదు. వచ్చే నెల ఒకటో తారీఖున నేను అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను. చూసి రావడానికి కాదు, ఉండిపోవడానికి. అక్క వాళ్ళ పక్క వీధిలో కర్టెన్లు కుట్టే దుకాణముంది, అక్కడ పని ఇస్తామన్నారు. కుట్టుమిషను ఒక్కటి తీసుకెళతాను. పదో తారీఖున మీరు వంతెన పని నుంచి వచ్చేసరికి తాళం పైవాటా టీచరమ్మ దగ్గర ఉంటుంది.

మీరు నన్ను ఏనాడూ ఒక మాట అనలేదు. చెయ్యెత్తలేదు. వెల్డింగు పనికి ఎంత దూరం వెళ్ళినా ఇంటికి కావలసింది అమర్చే వెళ్ళారు. ఎందుకు వెళ్ళిపోతున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క నేరం లేదు. ఉన్నది మీ నోటి మాట ఒకటి. ఆపరేషనైన మర్నాడు నాకు తెలివొచ్చేసరికి మీరు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పాప పోయిందని నర్సు చెప్పింది. నేను ఏడవలేదు, ముందు తెలుసుకోవాలనిపించింది. ఎలా ఉంది, ఎవరి పోలిక అని అడిగాను. మీరు కిటికీ వైపు తిరిగి, "నేను చూడలేదు. పుట్టగానే పోయింది. నన్నడగొద్దు" అన్నారు.

ఏడు నెలలు నా కడుపులో తన్నిన పిల్లను, నాకు ఒళ్ళు తెలియనప్పుడు, నా బదులు మీరు చూసి ఉంటారని నేను అనుకున్నాను. ఒక్క గది దాటి వెళ్ళి చూడలేకపోయారు. ఆ రోజు నుంచి మీ పక్కన కూర్చుని అన్నం తిన్న ప్రతిసారీ ఆ మాట నాకు గొంతులో అడ్డం పడుతూనే ఉంది. ఏడాది రెండు నెలలు మింగుదామనే చూశాను. ఇక నావల్ల కాదు.

మీకు తెలియనిది ఇంకొకటుంది. నా దగ్గర పాప ఫోటో ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడు వారాలకు కాగితాలు సర్దుతుంటే ఒక చిన్న కవరు బయటపడింది. నర్సు తన ఫోనుతో తీసి, అచ్చు వేయించి పెట్టింది. వెనకాల "అమ్మకు" అని రాసింది. అప్పుడు మీరు పక్క గదిలోనే ఉన్నారు. పిలిచి చూపించొచ్చు. కానీ చూడలేదు, అడగొద్దన్న మనిషికి చూపించేదేమిటని పంతం వచ్చింది. నా కుట్టుపని కొలతల కాగితాల కట్టలో దాచాను, మీరు దాని జోలికి ఎప్పుడూ పోరు కదా.

రోజూ తీసి ముట్టుకునేదాన్ని. ఇప్పుడు ముఖం దగ్గర రంగు పోయి మచ్చలా తేలింది. పోయిన వారం ఆస్పత్రికి వెళ్ళి ఆ నర్సును వెతికి పట్టుకున్నాను. పుణ్యాత్మురాలు, ఫోటో తన ఫోనులో ఇంకా ఉంచింది. నా డబ్బా ఫోనులోకి ఫోటోలు రావు కాబట్టి టీచరమ్మ నంబరుకు పంపమన్నాను. స్టూడియోకి ఇవ్వడం నాకిష్టం లేదు. కౌంటరు దగ్గర నలుగురిలో వాడు "ఈ పాప ఎవరండీ" అంటే నేనేం చెప్పను? టీచరమ్మ దగ్గర ట్యూషను పిల్లల ప్రశ్నపత్రాలు తీసుకునే ప్రింటరు ఉంది. ఫోటో కాగితాలు కొని పైకి వెళ్ళాను.

ఫోటో చూసి ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది, అంతే. కంప్యూటరులో పెద్దది చేయొద్దని నేనే చెప్పాను. అంత పెద్ద ముఖం చూసి తట్టుకోలేను. అటు వీపు పెట్టి ప్రింటరు దగ్గర నిలబడ్డాను. ఆ ప్రింటరు మాకు చుక్కలు చూపించింది. మొదటి కాగితం మీద ఎడమ పక్కా కిందా రెండు వేళ్ళ మందం తెలుపు వదిలేసి, కుడివైపు బొమ్మను కాగితం దాటించేసింది. ప్రశ్నపత్రాల కొలతే దాని తలకెక్కి ఉందట, ఫోటో కాగితమని టీచరమ్మ దానికి చెప్పాలట. చెప్పింది. రెండోది వంకరగా లాక్కుని మధ్యలో నమిలేసింది. మూడోదానికి మళ్ళీ ఎడమవైపే తెలుపు, కుడివైపే కోత. తెల్లంచు ఉంటే ఉంది, అందంగానే ఉంటుంది, పూర్వం ఫోటోలకు అలాగే ఉండేది అంది టీచరమ్మ. నాకు తెల్లంచు వద్దండీ అన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మీకు చెబుతాను. పాపను తెల్ల దుప్పటిలో చుట్టి పంపించారని ఆస్పత్రి ఆయా చెప్పింది. మళ్ళీ దాని చుట్టూ తెలుపు నేను చూడలేను. పాత ఫోటోలో పాప నాలుగు అంచుల దాకా ఉంది. కుడిచెయ్యి చాచి ఉంటుంది, మణికట్టు దగ్గరికొచ్చేసరికి ఫోటో అయిపోతుంది. అయినా తెలుపు లేదు. నాకు అలాగే కావాలి.

ఇంక కాగితాలు అయిపోయాయి. రేపు తెచ్చి మళ్ళీ కూర్చుంటాం. ఒకటి మీకూ తీసి గూట్లో పెట్టి వెళ్ళనా, వద్దా? వద్దంటే రాయండి. నేను నొచ్చుకోను. నొచ్చుకునే చోటు ఇంకేం మిగల్లేదు.

ఇప్పటికింకా
మీ సూది

*

బుధవారం

మీకు,

మొన్నటి ఉత్తరం మీకు చేరిందో లేదో తెలియదు. దాని వెనకే ఇది వస్తోంది. అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉంటే సర్దుకుని చదవండి.

నిన్న కొత్త కాగితాలతో పైకి వెళ్ళాను. టీచరమ్మ ఊరికే కూర్చోలేదు, ఎవరినో అడిగి తెలుసుకుని పెట్టుకుంది. ప్రింటరులో బోర్డర్‌లెస్ అని ఒక మీట ఉందట. అది నొక్కితే బొమ్మను కాగితం కన్నా కాస్త పెద్దది చేసి, సిరా అంచులు దాటి పోయేలా అచ్చు వేస్తుందట. అప్పుడిక తెలుపు మిగలదు. దాటి పోయిన ముక్క మాత్రం పోయినట్టే. అదీగాక ఫోనులో తీసిన బొమ్మ వెడల్పు, ఈ కాగితం సన్నం. పైనా కిందా నింపాలంటే రెండు పక్కలా కొంత వదులుకోక తప్పదంది. గుడ్డ చాలనప్పుడు మేం చేసేదీ అంతే కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. కానివ్వండి అన్నాను. ఆవిడ నొక్కబోయి ఆగింది. తెర మీద బొమ్మ చుట్టూ గీతలతో ఒక చట్రం వచ్చిందట. లోపలున్నది ఫోటోలోకి వస్తుంది, బయటున్నది రాదు.

"తెల్లంచు తీసేస్తే మీ ఆయన వేలు పోతోందమ్మా. ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అంది.

ఎంత మామూలుగా అందో. తండ్రి వేలు పిల్ల ఫోటోలో ఉండటం ఏం వింత, ఆవిడ దృష్టిలో? తెరకు వీపు పెట్టి నిలబడ్డ నేను ఎవరి వేలు అన్నాను. ఆవిడ తెర మీద చూపించింది. అప్పుడు తిరిగి చూశాను.

పాత ఫోటోలో మణికట్టు దగ్గర ఆగిపోయిన చెయ్యి, ఇందులో చివరిదాకా ఉంది. గుప్పిట ఉంది. గుప్పిట్లో మగవాళ్ళ వేలొకటి ఉంది, చూపుడు వేలు. గోరు నిలువునా చీలి, పక్కన కాలిన నల్లమచ్చ. ఆస్పత్రిలో అటువంటి గోరు ఇంకెవరికైనా ఉంటుందేమోనని కాసేపు నాకు నేను చెప్పుకున్నాను. ఏడేళ్ళుగా ఆ గోరు చొక్కా దారాలకు తగులుకున్నప్పుడల్లా మీరు వేలు చాపి నన్ను పిలుస్తారు, నేను చిన్న కత్తెరతో సరిచేస్తాను. నేనెలా పోల్చుకోకుండా ఉంటాను?

టీచరమ్మను తెల్లంచు ఉంచేయమన్నాను. పైనా కిందా వేలెడు వెడల్పు తెలుపుతో ఫోటో వచ్చింది. ఆరేదాకా చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆవిడ నీళ్ళిచ్చింది.

ఇంటికొచ్చి చాలాసేపు కోపంతో ఊగిపోయాను. చూడలేదన్నారు. ముఖం తిప్పుకుని మరీ అన్నారు. ఏడాది రెండు నెలలు ఆ అబద్ధాన్ని నా పక్కన పెట్టుకుని పడుకున్నారు. ఎందుకు? నేను మిమ్మల్ని తిట్టుకున్న తిట్లన్నీ ఎవరికి పోవాలి ఇప్పుడు? తర్వాత ఫోటో మళ్ళీ తీశాను. వేలు పక్కన పెట్టినట్టు లేదు. పాప దాన్ని పట్టుకుని ఉంది. చిన్న వేళ్ళు, చుట్టూ తిప్పి, గట్టిగా. పోయిన పిల్ల అలా పట్టుకోదు. పట్టుకుంటుందా? నాకు తెలియదు, నేనెప్పుడూ చూడలేదు. మీకు తెలుసు.

పుట్టగానే పోలేదు కదూ?

నిజం రాయండి. ఒక్క వాక్యమైనా చాలు.

సూది

*

సూదికి,

నాకు రాయడం రాదని నీకు తెలుసు. ముందు రాసిన రెండు కాగితాలు చించేశాను. నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు అందాయి. కాలు బెణికిందని మేస్త్రీతో చెప్పి పనికి పోకుండా షెడ్డులో కూర్చున్నాను.

నువ్వనుకున్నది నిజం. పాప రెండు గంటల పది నిమిషాలు బతికింది.

ముందు నేను పాపను ఉంచిన గది గుమ్మంలోనే నిలబడ్డాను. నర్సు చేతులు కడుక్కు రమ్మంది. ఎంత తోమినా వెల్డింగు నలుపు పోలేదు. ఈ చేతులతో ఎత్తుకుంటే ఏమవుతుందోనని భయమేసి ఎత్తుకోనన్నాను. అయితే ఒక్క వేలు చాలు, ఇవ్వండి అంది. ఇచ్చాను. పట్టుకుంది. అంత పట్టు ఉంటుందని నేననుకోలేదు. ఇంక వదల్లేదు. నేనూ తీయలేదు. ఫోటో ఎప్పుడు తీసిందో నేను చూడలేదు.

ఊపిరితిత్తులు నిలవవు, ఎంతసేపుంటే అంత అని డాక్టరు ముందే చెప్పాడు. అప్పుడు నర్సు అడిగింది, "తల్లిని మంచంతో సహా తోసుకొస్తాం, మత్తులో ఉన్నా పక్కన పడుకోబెట్టొచ్చు, పిలిస్తే పలకొచ్చు కూడా. తీసుకురమ్మంటారా?" అని. నేను వద్దన్నాను. నీకప్పుడు రక్తం ఎక్కుతోంది. కదిపితే నువ్వూ పోతావని భయపడ్డాను. ఏం కాదని డాక్టరు అన్నాడు. అయినా వద్దన్నాను. నీ ప్రాణం కోసమే అలా అన్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. నువ్వు లేచి పాపను చూసి, పాప పోవడం కూడా చూస్తే, అప్పుడు నిన్ను చూసే ధైర్యం నాకు లేదు. మిగతా సగం అది.

మర్నాడు నువ్వడిగావు. చూశానంటే ఎంతసేపుందని అడుగుతావు. రెండు గంటలంటే నన్నెందుకు లేపలేదంటావు. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని మొదటి మాటకే చూడలేదనేశాను. తర్వాత రోజూ చెబుదామనుకునేవాణ్ణి. ఫోనులో నువ్వు ఊరుకున్నప్పుడల్లా చెబుదామనే నేనూ ఊరుకునేవాణ్ణి.

నువ్వు వెళ్ళడం న్యాయమే, నేను ఆపను. ఫోటో ఒకటి మాత్రం గూట్లో పెట్టి వెళ్ళు.

నేనే

*

శనివారం

మీకు,

ఏమని పిలవాలో తెలియక ఇలా మొదలుపెట్టాను.

వారం దాటాక అందిన మీ ఉత్తరం చదివి రెండు రోజులు మీ మీద అసహ్యంతో గడిపాను. దాచను. రెండు గంటల పది నిమిషాలు మీరొక్కరే తీసుకున్నారు. నా కూతురు బతికుండగా నేను పక్క గదిలో పడుకుని ఉన్నాను, లేపమంటారా అని అడిగితే మీరు వద్దన్నారు. చూడలేదన్న మాట కంటే ఇది పెద్దది. దీన్ని నేను క్షమించగలనో లేదో నాకు తెలియదు. తెలిసినట్టు రాయను. అక్కకు చెబితే, ఇక ఆలోచించేదేముంది, వెంటనే బయల్దేరు అంది. బట్టలు సర్దడం మొదలుపెట్టాను కూడా.

సర్దుతూ సర్దుతూ మంచం మీద కూలబడ్డాను. పాప గురించి నన్ను అడిగేవాళ్ళు ఎవరూ లేరు. పోనీ నేనడుగుదామన్నా ఎవరూ లేరనే ఇంతకాలం అనుకున్నాను. ఏడుస్తుందా, ఏడిస్తే గొంతు ఎలా ఉంటుంది, టోపీ కింద జుట్టు ఉందా, వేళ్ళు ఎవరి పోలిక, ఇవన్నీ ఎవరికీ తెలియకుండానే పోయాయనుకుని, నాలో నేనే జవాబులు అల్లుకుని, అవి అబద్ధాలని తెలిసి ఏడ్చేదాన్ని. మీ ఉత్తరంతో ఒకటి తేలింది. పాపను బతికుండగా ఎరిగిన మనిషి ఒకరున్నారు. అక్క దగ్గరికెళితే నాకు పని దొరుకుతుంది, నీడ దొరుకుతుంది, ఆ మనిషి దొరకరు.

అందుకని ఒకటో తారీఖున రావడం లేదని అక్కకు ఫోను చేశాను. ఎప్పటికీ రానని చెప్పలేదు. పదో తారీఖుదాకా ఇక్కడే ఉంటాను. మీరు వచ్చి నా ఎదురుగా కూర్చుని ఆ రెండు గంటల పది నిమిషాలూ మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. రాదు, చేతకాదు అంటే కుదరదు. నేను మధ్యలో ఏడిస్తే ఆగండి, తిడితే పడండి, మళ్ళీ మొదలుపెట్టండి. ఆ తర్వాత మన సంగతి మాట్లాడుకుందాం.

పదో తారీఖుదాకా ఆగలేనిది మాత్రం ఒకటుంది. ఉత్తరం అందగానే ఫోను చేసి దానికొక్కదానికి జవాబు చెప్పండి. ఫోటోలో పాప కళ్ళు మూసుకునే ఉంది. ఎప్పుడైనా తెరిచిందా?

పాప వాళ్ళమ్మ