మల్లమ్మ సూది మందు

నారాయణపేట, ఫస్లీ 1350, బహమన్ నెల (1940 డిసెంబరు), బుధవారం

ఇవాళ పక్కవీధి మల్లమ్మను చూడటానికి వెళ్లాను. మూడు నెలల కిందట ఆమె మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మగ్గం ముందే కూర్చుని నిద్రపోయేది. అత్త శివమ్మ అది బద్ధకమనుకుని వాతలు పెట్టింది. దవాఖాన డాక్టరు మాత్రం గొంతులో థైరాయిడ్ గ్రంథి పని చేయడం లేదని చెప్పి సూదులు మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి మల్లమ్మ చీర అంచు నేస్తూ నవ్వింది.

ఆ సూదిలో ఏముందని అప్పుడే ఓరోజు శివమ్మ నన్ను అడిగింది. గొర్రె గ్రంథి నుంచి తీసిన రసమని చెప్పాను. అది నిజం. వాళ్లు లింగాయతులని, మాంసం ముట్టరని తెలిసే చెప్పాను; పత్రికకు రాసేవాణ్ణి, అబద్ధమాడకూడదనుకున్నాను. మర్నాటి నుంచి సూది బంద్. కోడలి మెడలో లింగం తీసేసి, ఆమె కంచం పశువుల కొట్టంలో పెట్టారు.

ఇవాళ మల్లమ్మ గొంగడి కప్పుకుని ఎండలో వణుకుతోంది. మొహం మళ్లీ ఉబ్బింది. డాక్టరును పిలుస్తానన్నాను.

"ఏమొద్దు పంతులూ," అంది శివమ్మ లోపలి నుంచి. "మా పిలగానికి ఇంకో పిల్లను సూసినం. గిది గూడ నీ పేపర్ల రాసుకో."

మల్లమ్మ ఒక్కో మాటా కూడబలుక్కుంది. "గామె అడిగిననాడు ఎర్కలేదంటే నీ నోరు పడిపోతుండెనా అన్నా?"

జారిన గొంగడిని ఆమె భుజం మీదికి లాగాను.

"సూది లేకుంటే ఎన్ని దినాలుంట?"

ఈ చలికాలం దాటదని డాక్టరు నిన్ననే నాతో అన్నాడు.

"నాకు తెలియదమ్మా," అన్నాను.