తాతయ్య పేరున్న పలక

చెల్లికి అక్క దీవెనలు. ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. మనసుల సంగతి కింద రాస్తాను.

నిన్న పొద్దున రోజూలాగే ప్రార్థన ముగించి, అమ్మకు టీ ఇచ్చి, గుమ్మం పక్కనున్న ఇత్తడి పలకను నిమ్మచెక్కతో తోమాను. తాతయ్య పేరు కింద ‘స్వాతంత్ర్య వీరుడి ఇల్లు’ అన్న అక్షరాల సందుల్లో పట్టిన చిలుమును అగ్గిపుల్లతో గీకాను. తర్వాత సంఘానికి వెళ్లాను.

నా మోకాలి గురించి అడిగావు. మెట్లు ఎక్కనిస్తోంది. నీ కూతురికి సంఘం సభ్యత్వం ఎప్పుడొస్తుందనీ అడిగావు. ఆ మాటకే వస్తున్నాను.

దేశభక్తుల వారసురాళ్ల సంఘంలో నా పని నీకు తెలుసు. చేరదలచినవాళ్ల పెద్దలు నిజంగా జైలుకెళ్లారా లేదా అని పాత కాగితాలు చూసి చెప్పాలి. నిన్న మన వీధి దర్జీ ఆవిడ దరఖాస్తు వచ్చింది. ముప్పై ఏళ్లుగా సంఘం జెండాలన్నీ కుట్టింది ఆవిడే. వాళ్ల తాత పదకొండు నెలలు జైల్లో ఉండి, బిడ్డకు జబ్బు చేస్తే క్షమాపణ పత్రం రాసిచ్చి బయటికొచ్చాడట. ఆ ముక్క దరఖాస్తులో తనే రాసింది. అలా రాసిచ్చినవాళ్ల వారసులను చేర్చుకోకూడదని మా నియమం.

అధ్యక్షురాలు కాగితం పక్కకు తోసి, “నువ్వు జెండాలు కుట్టు తల్లీ, పట్టుకోవడానికి మేమున్నాంగా” అంది. అందరూ నవ్వారు. దర్జీ ఆవిడ మెడలోని టేపు తీసి వేళ్లకు చుట్టుకుంది. “దాచిపెట్టి రాలేదమ్మా నేను” అని నాతో మాత్రం అని వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. అధ్యక్షురాలి మీద ఎంత కోపమో, నా మీద అంతకు రెట్టింపు. ఇరవై రెండేళ్ల కిందట సంఘం పాత కాగితాల బీరువాలో మన తాతయ్య రాసిచ్చిన క్షమాపణ పత్రం నా చేతికి చిక్కింది చెల్లీ. జైలుకెళ్లిన మూడో వారానికే రాసిచ్చాడు. ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు. దాన్ని తెచ్చి నా ప్రార్థన పుస్తకంలో దాచాను. ఇన్నేళ్లూ దాని మీదే చేతులు జోడించాను.

సాయంత్రం అమ్మకూ తమ్ముడికీ చదివి వినిపించాను. తమ్ముడు చిందులు తొక్కాడు, ఇప్పుడెవరు అడిగారని. అమ్మ నా చేతిలోంచి పత్రం తీసుకుంది.

“నాకు తెలుసు. మీకు చెప్పొద్దని మా నాన్న ఒట్టేయించుకున్నాడు. ఒరేయ్, ఆ పలక మేకులు ఊడదియ్యి.”

పలక దింపాం. నీ కూతురి దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాం. ఎల్లుండి సమావేశంలో ఆ పత్రం నేనే చదువుతాను. ముందు దర్జీ ఆవిడను చేర్చుకోవాలి, ఆ తర్వాత సంఘంలో మన పేరు ఉంచాలో తీసెయ్యాలో ఆవిడే చెప్పాలి. ఇది అమ్మ మాట. తమ్ముడు కూడా చివరికి సరేనన్నాడు.

ఇట్లు,
నీ దగ్గర కూడా దాచిన
పెద్దక్క